బిల్లు వద్దన్నాను

కిలోకు కొన్ని రూపాయలు మిగులుతాయని బిల్లు వద్దన్నాను. గిరాకీ పోతుందని ఒక మనిషి జబ్బును దాచిపెట్టించాను. శామీర్‌పేటలో రాజీవ్ రహదారి పక్కన కర్రీ పాయింట్ నడుపుకునే నాకు ఆ రోజుల్లో ఈ రెండూ తప్పుగా కనిపించలేదు, తెలివిగా కనిపించాయి. వ్యాపారం తెలిసినవాడు ఇలాగే ఉంటాడనుకున్నాను. ఇంకా అలాగే అనుకుంటున్నవాళ్లు ఈ రోడ్డు మీద ఉన్నారు. అందుకే నా మూర్ఖత్వాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా దగ్గర తినేవాళ్లెవరో ముందు చెప్పాలి. మా నాన్న కాలంలో మేడ్చల్, శామీర్‌పేట, కీసర అంటే ద్రాక్ష తోటలు. అనాబ్-ఎ-షాహీ గుత్తులకు ఈ నేల పెట్టింది పేరు. ఇప్పుడు ఆ తోటల చోట ప్లాట్లు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, హాస్టళ్లు. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు. మేడ్చల్ వైపు 44వ జాతీయ రహదారి పొడవునా గోదాములు, కాలేజీలు. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది, తర్వాత అంతాయిపల్లిలో కలెక్టరేట్ లేచింది. ఈ మార్పంతా వేలమందిని ఇక్కడికి తెచ్చింది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీలు, మన జిల్లాల నుంచే వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగులు, నలుగురైదుగురు కలిసి గది తీసుకున్న విద్యార్థులు. గదిలో కుక్కర్‌లో అన్నం మాత్రం వండుకుంటారు. కూర, పప్పుచారు, పెరుగు కవర్లలో కట్టించుకుపోతారు. కర్రీ పాయింట్ బతుకంతా ఆ కుక్కర్ మీదే.

ఊళ్లో ఉన్నప్పుడు ఎవరింటి కూర తింటున్నామో తెలిసేది. ఆ ఇంటి బావి తెలుసు, ఆ ఇల్లాలి చేతి శుభ్రత తెలుసు. రహదారి పక్కన నా దగ్గర కవరు కొనుక్కునే పిల్లాడికి నా గురించి ఏం తెలుసు? నా వంటగది ఎలా ఉంటుందో చూడలేదు, నా కారంపొడి ఎక్కడిదో తెలియదు. అతని తరఫున వంటగదిలోకి వచ్చి చూసే మనిషి ఒకరే ఉన్నారు. ఆ మనిషే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్. ఆ మనిషి వస్తున్నారంటే నేను షట్టర్ దించేవాణ్ని.

మా రోడ్డు వ్యాపారులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. తూంకుంట దగ్గర ఆఫీసర్ల బండి కనిపిస్తే చాలు, నిమిషంలో మెసేజీ వచ్చేది. "అన్నా, వస్తున్నరు, బంద్ పెట్టు." కూరల టబ్బులు లోపలికి, షట్టర్ కిందికి. వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ అమ్మకం. ఇన్‌స్పెక్టర్ అంటే పైసల కోసం వచ్చేవాడనే మాట చిన్నప్పటి నుంచి విని ఉన్నాను, దాన్ని ఎన్నడూ పరీక్షించుకోలేదు. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం పోయి, 2006లో చేసిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చిందని కూడా నాకు తెలియదు. వంటగదిలో లోపం కనిపిస్తే దిద్దుకోమని నోటీసు ఇస్తారని, దానికి 14 రోజులకు తగ్గకుండా గడువు ఉంటుందని ఈ చట్టం చెబుతోంది. గడువు ఇవ్వగలిగిన వాళ్లను చూసి పారిపోతూ వచ్చాను.

ఒక మధ్యాహ్నం మెసేజీ రాలేదు, ఫుడ్ సేఫ్టీ ఆఫీసరే వచ్చారు, ఒక ఆవిడ.

గిరాకీ నిండుగా ఉన్న వేళ. పక్కన ఒక అసిస్టెంట్, చేతిలో పెట్టె. ఆవిడ గొంతు పెంచలేదు. లైసెన్సు నంబరు గోడ మీద ఎక్కడుందని అడిగారు. 14 అంకెల నంబరున్న ఆ కాగితాన్ని నేను బీరువాలో పెట్టాను, గోడకు దేవుడి పటం, ధరల పట్టిక ఉన్నాయి. తర్వాత చేతులు కడుక్కునే చోటు చూపించమన్నారు. కుళాయి ఉంది, సబ్బు లేదు. తాగే నీళ్లు ఎక్కడివి, ట్యాంకు ఎప్పుడు కడిగారు, వంటవాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయిస్తున్నారా, టైఫాయిడ్ టీకా వేయించారా అని అడిగారు. మూకుడులో నూనె రంగు చూసి, ఎన్నిసార్లు కాచారన్నారు. కాచిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదట, 2018 జులై నుంచి ఆ నిబంధన ఉందట. అప్పటిదాకా నా లెక్కలో నూనె అయిపోవడమే ఉంది, చెడిపోవడం లేదు.

ఆవిడ పెట్టెలోంచి థర్మామీటర్ తీసి చికెన్ కూరలో గుచ్చారు. పొద్దున పది గంటలకు దించిన కూర అది. మిగిలితే రాత్రికి కూడా అదే అమ్ముతాను. మీటరు 40 డిగ్రీల దగ్గర ఆగింది.

"మేడం, వాసన చూడండి, పొద్దటిదే. నా ముక్కుకు తెలియకుండా ఏదీ చెడిపోదు" అన్నాను.

"వాసన వస్తే ఎవరూ తినరు కదండీ. వాసన రాకుండా చెడిపోయేదే మనిషి కడుపులోకి పోతుంది" అన్నారావిడ.

ముప్పై ఏళ్లుగా నా ముక్కునీ నాలుకనీ నమ్ముకున్న వాణ్ని. చేపముక్క పాతదా కాదా, పెరుగు ఎప్పుడు తోడుపెట్టిందో వాసనతో చెప్పగలను. ఆవిడ చెప్పింది అక్కడే నిలబడి విన్నాను. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే వేడివేడిగా ఉంచాలి, లేదా త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. సాల్మొనెల్లాకు వాసన ఉండదు. వంటవాడి చేతి పుండు నుంచి కూరలో పడే స్టెఫిలోకాకస్ వదిలిన విషం, తిరిగి మరిగించినా పోదు. గంజి వార్చిన అన్నాన్ని పెద్ద గిన్నెలో గంటల తరబడి అలాగే వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది, అది చేసే విషం కూడా వేడికి లొంగదు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పోపు వేసి పులిహోరగా అమ్మిన రోజులు నాకు గుర్తొచ్చాయి. మళ్లీ వేడి చేస్తే సరిపోతుందని నమ్మినవాణ్ని. నా ముక్కుకు తెలిసింది పాచిపోవడం మాత్రమే. జబ్బు చేసేది వేరే ఉందని నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి వచ్చినవాళ్లను చూసి షట్టర్ దించాను.

తర్వాత కారంపొడి సంచి దగ్గరికి వచ్చారు. బిల్లు అడిగారు.

నగరంలో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లూజుగా కొంటాను. బిల్లు రాస్తే జీఎస్టీ కలుస్తుంది, రాయకపోతే తగ్గుతుంది. "బిల్లు వద్దులే సేటూ, రేటు చూడు" అని నా నోటితో నేనే అనేవాణ్ని. మసాలా పొడులను ప్యాకింగు లేకుండా విడిగా అమ్మకూడదని నిబంధన ఉంది. అమ్మేవాడు తన సరుకుకు పూచీ రాసివ్వాలని చట్టం చెబుతోంది. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద అమ్మకందారు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కూడా ఉండాలి. ఆ బిల్లు నా రక్షణకే అని నాకు తెలియదు. అది పన్నుల వాళ్ల కాగితం అనుకున్నాను.

ఆవిడ శాంపిల్ తీస్తామన్నారు. తీసుకున్న కారంపొడికి మార్కెట్ ధర ఎంతో అడిగి డబ్బు నా చేతిలో పెట్టారు. నేను తెల్లబోయాను. అధికారి నా దగ్గర డబ్బు తీసుకుంటుందని ఇన్నేళ్లు భయపడ్డాను, ఆవిడ నాకే డబ్బిచ్చి రసీదు రాయించుకున్నారు. చట్టంలోనే అలా ఉందట. పొడిని నాలుగు భాగాలు చేసి, సీల్ వేసి, నా సంతకం అడిగారు. సంతకం పెడితే నేరం ఒప్పుకున్నట్టేనని భయపడి మొండికేశాను. అసిస్టెంట్ ఓపిగ్గా వివరించాడు. ఒక భాగం ల్యాబ్‌కు పోతుంది. రెండు భాగాలు పై అధికారి దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది, నేను అడిగితే గుర్తింపు పొందిన వేరే ల్యాబ్‌కు పంపుతారు. 14 రోజుల్లో రిపోర్టు రావాలి, నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ సీలూ సంతకమూ నా శాంపిల్‌ను ఎవరూ మార్చకుండా నన్ను కాపాడేవే. వాటికే భయపడ్డాను.

నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాల నుంచి రిపోర్టు వచ్చింది. కారంపొడిలో ఆమ్లంలో కరగని బూడిద 1.3 శాతం మించకూడదు, నా పొడిలో మించింది. ఆ బూడిద ఏమిటని అడిగాను. ఇసుక, మట్టి అన్నారు. ప్రాణం తీసే కల్తీ కాదు కాబట్టి ప్రమాణాలకు తగ్గ సరుకు కాదని రాశారు. అలాంటి దానికి 5 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. అంతాయిపల్లిలో అదనపు కలెక్టర్ ముందు నిలబడ్డాను. నా స్థాయి చూసి జరిమానా వేశారు, కట్టాను. నొప్పి జరిమానా దగ్గర లేదు.

"ఎక్కడ కొన్నారు?" అని ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర చూపించడానికి ఒక్క కాగితం లేదు. పేరు చెప్పాను. ఆ వ్యాపారి ఫోన్‌లో, నేనెవరో తనకు తెలియదన్నాడు. అన్నేళ్ల పరిచయం బిల్లు లేకపోతే సాక్ష్యం కాదు.

"బిల్లు ఉంటే అక్కడిదాకా పోయేదాన్ని. ఇప్పుడు ఇక్కడితో ఆగిపోయింది" అన్నారావిడ.

ఆ మాట మీద ఎంత ఆలోచించానో చెప్పలేను. అదే సేటు దగ్గర మా రోడ్డు మీద హాస్టళ్లు, క్యాంటీన్లు, నాకు తెలిసిన మెస్సులు కొంటాయి. ఆ ఇసుక అన్ని వంటగదుల్లోకీ పోయింది. నా బిల్లు ఒకటి ఉండి ఉంటే ఆవిడ ఆ గోదాములోకి వెళ్లి సంచులన్నిటికీ సీల్ వేసేవారు. ఆ అవకాశాన్ని కిలోకు కొన్ని రూపాయలకు అమ్ముకున్నాను. శుభ్రంగా వండితే చాలు, అధికారి పని నాతో అయిపోతుంది అనుకునేవాణ్ని. వాళ్ల పని నా దగ్గర మొదలవుతుందని, ఇక్కణ్ణించి సరుకు వచ్చిన దారి పట్టుకుని వెనక్కి పోతారని, ఆ దారిని తెంపేది నాలాంటివాళ్లేనని తెలియలేదు.

ఇంకో దారిని అంతకుముందే తెంపాను. అది చెప్పడం కష్టంగా ఉంది.

ఆవిడ రాకకు కొన్ని నెలల ముందు ఒక ఆదివారం. శామీర్‌పేట చెరువు చూడ్డానికి నగరం నుంచి జనం వచ్చే రోజు, చికెన్ ఎక్కువ వండాను. మిగిలింది రాత్రి రూముల పిల్లలకు అమ్మాను. తెల్లవారకముందే ఒక కుర్రాడికి వాంతులు, విరేచనాలు. కంపెనీలో కాంట్రాక్టు పని అతనిది. గదిలోవాళ్లు నా షట్టర్ కొట్టారు. నేనే ఆటోలో నర్సింగ్ హోముకు తీసుకుపోయాను, సెలైన్ ఎక్కించే ఖర్చు పెట్టుకున్నాను. మంచివాణ్నే అనుకున్నాను. డాక్టర్ రాకముందు అతని చెవిలో చెప్పాను, "తమ్మీ, బయట పానీపూరీ తిన్నానని చెప్పు." అతను తలూపాడు. నా ఖాతా పుస్తకంలో అతని పేరున ఉద్దెర ఉంది. అందుకే తలూపాడు. జబ్బుపడ్డ మనిషి బాకీని అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పించాను.

డాక్టర్ గ్యాస్ట్రిక్ సమస్య అని రాసి పంపాడు. మలం పరీక్ష జరగలేదు, ఎవరికీ సమాచారం పోలేదు. ఆ రాత్రి ఆ కూర కొన్నవాళ్లు చాలామంది. వాళ్లలో ఎందరికి జబ్బు చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకతను వారం రోజులు కనబడలేదు, ఊరికి పోయి ఉంటాడనుకున్నాను. అడగలేదు.

ఆరోగ్య శాఖ వాళ్లు ఇలాంటప్పుడు ఏం చేస్తారో తర్వాత తెలుసుకున్నాను. జబ్బుపడ్డవాళ్లు ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో రాసుకుంటారు. అదే చోట తిని జబ్బుపడనివాళ్లు ఏం తిన్నారో కూడా రాసుకుంటారు. రెండు జాబితాలు పక్కపక్కన పెడితే దోషమున్న వంటకం బయటపడుతుంది. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులైతే విషం ఇదివరకే ఆహారంలో తయారై ఉందని, ఆరు గంటల నుంచి మూడు రోజుల్లో జ్వరంతో విరేచనాలైతే సాల్మొనెల్లా అయి ఉండవచ్చని అనుమానిస్తారు. తిన్న ఆహారం విషమై జబ్బుపడ్డ కేసులను డాక్టర్లు అధికారులకు తెలియజేసే ఏర్పాటు చట్టంలోనే ఉంది. ఇదంతా మొదలయ్యేది రోగి చెప్పే ఒక్క నిజంతో. ఆ నిజాన్నే నేను మార్పించాను.

ఏం తిన్నారని అడగడం ఎంత పని చేస్తుందో చూడండి. మనకు దగ్గర్లోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలకు వెళ్లారు. అక్కడ కామెర్లు, పొట్ట ఉబ్బడంతో జనం చనిపోతున్నారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు అనుకుని ఊరుకోవచ్చు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి ఏం తింటున్నారని అడిగారు. వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్న ఇళ్లలోనే జబ్బు ఉంది, ఆ ఇళ్ల కుక్కలకూ ఉంది. ఆ బూజు చేసే అఫ్లాటాక్సిన్ 397 మందికి జబ్బు చేసి 106 మందిని చంపిందని లెక్క తేల్చారు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి 60 మందికి పైగా చనిపోతే, నూనెను విడిగా అమ్మడమే ఆపేశారు. లూజు సరుకుకు ఊరూ పేరూ ఉండదు కదా, ఎవరు కలిపారో ఎక్కడ పట్టుకుంటారు?

మన నగరం సంగతే చూడండి. 2024 అక్టోబర్‌లో మోమోలు తిని హైదరాబాద్‌లో ఒక మహిళ చనిపోయింది, చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. బాధితులు ఎక్కడ తిన్నామో చెప్పబట్టి అధికారులు బండి నుంచి లైసెన్సు లేని వంటగది దాకా వెళ్లగలిగారు. అక్టోబర్ 30న, మోమోలతో పాటు ఇచ్చే, పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. ఆ రోజు మా గ్రూపులో ఈ నిషేధాన్ని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వ్యాపారం చెడగొడుతున్నారని రాశాను. బాధితులు నేను అబద్ధం చెప్పించిన కుర్రాడిలా పానీపూరీ మాట చెప్పి ఉంటే ఆ దారి బండి దాకా కూడా పోయేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను ఇప్పుడు చేస్తున్న పనులు గొప్పవేం కావు. కూర తక్కువ తక్కువ వండి రెండు పూటలా వేరుగా దించుతున్నాను. థర్మామీటర్ కొన్నాను. బిర్యానీలో, చికెన్ 65లో రంగు వేయడం మానేశాను. ఆ వంటకాల్లో కృత్రిమ రంగు వేయకూడదు, వేసినన్నాళ్లూ నాకు ఆ సంగతి తెలియదు. ఎర్రగా లేదని కొందరు గిరాకీలు పక్క అంగడికి పోయారు, పోనిచ్చాను. ప్రతి సరుకుకూ బిల్లు ఫైలులో పెడుతున్నాను. లైసెన్సు గోడకెక్కింది. వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చాను. కొందరు నాతో మాట్లాడటం లేదు.

అధికారులకు నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. వాళ్లలో చెడ్డవాళ్లు ఉండరని చెప్పను. అంగళ్లు పెరిగినంతగా ఆఫీసర్లు పెరగలేదు, ఇంత రోడ్డుకు వాళ్లు ఎప్పుడో గానీ రాలేరు. ప్రభుత్వం ఆఫీసర్లనూ ల్యాబులనూ పెంచాలి, ఇది అడగాల్సిన విషయమే. కానీ వచ్చిన ఒక్క రోజున మనం షట్టర్ దించితే, ఎంతమందిని పెంచినా వాళ్లకు కనిపించేది మూసిన షట్టరే.

తినేవాళ్లకు చెప్పేది ఉంది. కొన్న ఆహారాన్ని మీరే ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు, దోషం తేలితే ఆ ఫీజు తిరిగిస్తారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800112100, ఫోన్ చేయడానికి డబ్బు ఖర్చు కాదు. తిన్నదానికి బిల్లు అడగండి. శామీర్‌పేట, మేడ్చల్ రోడ్ల మీద ఎక్కడ తిని వాంతులైనా, విరేచనాలైనా, ఎక్కడ తిన్నారో, ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో డాక్టర్‌కు చెప్పండి. మీ పేరున అక్కడ ఉద్దెర ఉన్నా సరే చెప్పండి. అది నా అంగడైతే నా అంగడి పేరే చెప్పండి.